బళేపేటలో అత్తలు మాట్లాడని శుక్రవారం

బెంగళూరులో పరిశోధన చేసుకుంటూ బతకడమంటే ఎలా ఉంటుంది, ఖర్చెంత అవుతుంది, రోజెలా గడుస్తుంది అని ఈ బ్లాగు చదివేవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఫెలోషిప్ చేతికొచ్చి, ఇంట్లోవాళ్ళను ఒప్పించి, పెట్టె సర్దుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళే. అందుకని ఒక మామూలు రోజును తీసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాసేద్దామనుకున్నాను. శ్రావణంలో మొదటి శుక్రవారం ఎంచుకున్నాను. ఆ రోజు మామూలుగా గడవలేదు. వారం దాటినా నాకింకా ఆ అదురు తగ్గలేదు, కాబట్టి ఎక్కడైనా తడబడితే మన్నించండి.

ముందు నా సంగతి. మాది ఖమ్మం. బెంగళూరు పాతపేటల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు వ్యాపార కుటుంబాల ఆచారాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నగర్తపేట, బళేపేట సందుల్లో తిరగడం, పెద్దవాళ్ళు చెప్పింది రాసుకోవడం నా పని. నా సిద్ధాంతవ్యాసంలో అందరూ మెచ్చుకున్న అధ్యాయం ఒకటుంది. బళేపేట గాజుల అంగళ్ళ కుటుంబాల్లో శ్రావణం మొదటి శుక్రవారం నాడు కోడలు అత్తకు రెండు చేతులా ఆకుపచ్చ మట్టిగాజులు తొడుగుతుంది. తొడిగించుకున్న అత్త మధ్యాహ్నం పన్నెండు దాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ ఏడాది అంగడికి గిరాకీ ఉండదు. దీన్ని నాకు చెప్పింది జయమ్మవ్వ. ఎనభైకి దగ్గరపడిన మనిషి, బళేపేటలో ఇప్పటికీ గల్లాపెట్టె ముందు కూర్చునే గాజుల వ్యాపారి. నేను దానికి ‘గాజుల మౌనం’ అని పేరు పెట్టి, కుటుంబ వ్యాపారాల్లో అధికార మార్పిడికి ఇది ప్రతీక అని తేల్చి, ఇక్కడి తెలుగువాళ్ళ చిన్న సభలో మాట్లాడాను కూడా. మా గైడ్ మేడమ్ మాత్రం ఒక మెలిక పెట్టారు. “కళ్ళతో చూడని ఆచారాన్ని నేను సంతకం పెట్టి పంపను. శ్రావణం వస్తుందిగా, చూసి, ఫోటోలు తీసుకురా. సోమవారం సమర్పిద్దాం” అన్నారు. నా ఫెలోషిప్ డబ్బు దసరాతో ఆగిపోతుంది. ఆ శుక్రవారం నేను అత్తల మౌనాన్ని చూడకపోతే సోమవారం లేదు, డిగ్రీ ఎప్పటికి వస్తుందో తెలియదు.

నేనుండేది చందాపురలో, ఒక పీజీ హాస్టల్లో. ఊరికి ఇంత దూరంగా ఎందుకంటే అద్దె. ఇద్దరుండే గది, మూడు పూటలా తిండితో కలిపి నెలకు ఎనిమిది వేలు. పాతపేటకు దగ్గరలో ఆ డబ్బుకు మంచం కూడా దొరకదు. గదిలో నాతో ఉండే ప్రత్యూష విజయవాడ అమ్మాయి, దగ్గరలోని కంపెనీలో పనిచేస్తుంది. నేను ఆరింటికి లేచి కెమెరా సర్దుకుంటుంటే దుప్పటిలోంచి తల బయటపెట్టింది.

“అక్కా, ఫ్రైడే కూడా ఫీల్డ్ వర్కా? ఈవెనింగ్ ప్లే ఉంది కదా, టికెట్స్ బుక్ చేశా, మర్చిపోకు. అత్తలు సైలెంట్‌గా ఉండటం నిజమైతే నాకు లైవ్ లొకేషన్ పెట్టు, పెళ్ళయ్యాక షిఫ్ట్ అయిపోతా.”

“నిజం కాకపోతే నేనే ఖమ్మం షిఫ్ట్ అవుతాను” అన్నాను. నోటి మాటగా అన్నాను గాని, కెమెరా బ్యాటరీ రెండోసారి సరిచూసుకున్నాను.

చందాపుర నుంచి పాతపేట పక్కనే ఉన్న మార్కెట్‌కు నేరుగా సిటీ బస్సులున్నాయి. ముప్పై రూపాయల చిల్లరతో వెళ్ళిపోవచ్చు, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ కరుణిస్తే గంటన్నర, లేకపోతే రెండు గంటలు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అని విని సంబరపడి ఎక్కకండి, అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్ళకే. నేను మొదటి నెలలో ఖమ్మం ఆధార్ చూపించి కండక్టర్ చేత అక్షింతలు వేయించుకున్నాను. తొందరున్న రోజు షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి బొమ్మసంద్ర మెట్రో స్టేషన్‌కు వెళ్తాను. అక్కడ పసుపు లైను ఎక్కి, ఆర్.వి. రోడ్‌లో దిగి ఆకుపచ్చ లైనుకు మారి చిక్కపేటలో దిగితే ఎనభై, తొంభై రూపాయల మధ్య అవుతుంది, గంటకు కాస్త అటూ ఇటూ. ఆ పొద్దున మెట్రోయే ఎక్కాను. సీటు దొరికింది, పుస్తకం తెరిచాను, ఒక్క పేజీ కదల్లేదు. ఇదంతా ఇళ్ళల్లో జరిగే తంతు కదా, ఎవరూ నన్ను లోపలికి రానివ్వకపోతే ఎలా అన్న దిగులే మనసంతా.

మామూలు రోజుల్లో నా దినచర్య ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎనిమిదిన్నరకు చిక్కపేటలో దిగి, సందు మొగలో ఉన్న నిలబడి తినే హోటల్లో ఇడ్లీ వడ, కాఫీ. అరవై రూపాయలకు కడుపు నిండుతుంది. పది దాకా నగర్తపేట ఇళ్ళల్లో మాటలు, అంగళ్ళు తెరిచాక బళేపేటలో మాటలు, రెండింటికి లైబ్రరీ, సాయంత్రం ఎక్కడో ఒకచోట నాటకమో కచేరీయో. ఈ ఊళ్ళో రోజుకొక మంచి కార్యక్రమం ఉచితంగా దొరుకుతుంది, ముందు వెళ్ళినవాళ్ళకు కుర్చీ కూడా. ఆ రోజు హోటల్లో కాఫీ కలిపే నారాయణప్ప నన్ను చూడగానే డబరా పక్కనపెట్టి చేతులు జోడించాడు. తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబమే ఆయనది కూడా. ఏడాదిగా చూస్తున్నాను, నాకెప్పుడూ దండం పెట్టలేదు.

“రామ్మా రా. ఈ దినం నీ హబ్బమే కదా.”

“నా పండగేమిటి నారాయణప్పా?”

“గాజులది. మా ఇంట్లో గూడా చేసినారు పొద్దున్నే. మా ఆవిడ మాయమ్మకి గాజులు తొడిగేసె. ఇంట్లో ఎంత నెమ్మదిగా ఉండాదంటే, గడియారం కొట్టుకునేది ఇనిపించె నాకు. ఈ సారే మొదలు గదా, మాయమ్మ కొంచెం బేజారుగా ఉండాది.”

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాను. వీళ్ళది గాజుల వ్యాపారం కాదు, కాఫీ హోటలు. పైగా ఈ సారే మొదలా? నేను రాసింది తరతరాల ఆచారమని. “ఇంతకు ముందు మీ ఇంట్లో లేదా?” అని అడిగాను. “ఉండి ఉంటాది, మేమే మర్చిపోయి ఉంటాము. పేపర్లో వచ్చినాక గదా తెలిసింది” అన్నాడాయన, ఎంతో తృప్తిగా. సభలో నేను మాట్లాడింది ఒక కన్నడ పేపర్లో చిన్న ముక్కగా వచ్చిన మాట నిజమే. దాన్ని నేను కత్తిరించి అమ్మకు పంపి, అంతటితో మర్చిపోయాను. నా కాఫీకి ఆయన డబ్బు తీసుకోలేదు. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది గాని, పక్కవీధివాళ్ళు చూసి నేర్చుకున్నారేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

అంగళ్ళు తెరిచే వేళకు బళేపేట చేరాను. సందు మొగలో అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయాను. రెండు స్తంభాల మధ్య ఒక ఫ్లెక్సీ. దాని మీద ఒక పక్క లక్ష్మీదేవి, ఇంకో పక్క నేను. సభలో మైకు ముందు నోరు తెరిచి ఉన్నప్పుడు తీసిన ఫోటో. కింద కన్నడంలో పెద్ద అక్షరాలు, కూడబలుక్కుని చదివితే ‘మన పేట పురాతన పద్ధతి, గాజుల మౌన హబ్బానికి స్వాగతం’ అని ఉంది. సందులోకి చూస్తే ప్రతి గాజుల అంగడి ముందూ ఒక కుర్చీ, ప్రతి కుర్చీలోనూ ఒక అత్తగారు. చేతులకు మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు, నుదుట ఇంత బొట్టు, మూతి బిగించి కూర్చుని ఉన్నారు. కోడళ్ళు మాత్రం అంగళ్ళలో, మెట్ల మీద, వీధి నడుమ, ఒకరితో ఒకరు గొంతెత్తి మాట్లాడుకుంటున్నారు. ఆ వీధిలో ఇన్ని ఆడగొంతులు ఉన్నాయని నాకు అంతవరకూ తెలియదు.

ఆ క్షణంలో నా మొదటి ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సోమవారం గట్టెక్కిందనుకున్నాను. గబగబా ఫోటోలు తీశాను. మౌనంగా బేరాలు చూస్తున్న అత్త, సైగతో నీళ్ళడుగుతున్న అత్త, ఫోన్ మోగితే ఎత్తలేక దాన్నే కోపంగా చూస్తున్న అత్త. మేడమ్ ఇంకేం అడుగుతారు? అలా తీసుకుంటూ జయమ్మవ్వ అంగడి దగ్గరికి వచ్చాను. కింద అంగడి, మీద ఇల్లు. కొడుకు సరుకు కోసం ఫిరోజాబాద్ వెళ్ళాడు, అది ముందే తెలుసు. ఎప్పుడూ అవ్వ కూర్చునే గల్లా దగ్గర కోడలు శారద కూర్చుని ఉంది. అవ్వ మూల కుర్చీలో ఉంది. నన్ను చూడగానే ఆవిడ లేచి నిలబడింది. రెండు చేతులూ ఊపింది, గాజులన్నీ గలగలమన్నాయి. నన్ను చూపించి, తన నోరు చూపించి, తల అడ్డంగా తిప్పి, మళ్ళీ వీధంతా చూపించి, నెత్తి కొట్టుకుంది.

“కాఫీ ఇమ్మంటాండారు మీకు” అంది శారద.

అవ్వ కాదు కాదన్నట్టు తల తిప్పింది. నా చేతిలో పెన్ను లాక్కోబోయింది. శారద మెత్తగా, నవ్వుతూనే, ఆ పెన్ను తీసి గల్లాలో వేసి మూసింది. “రాసేది గూడా మాట్లాడినట్లే అత్తమ్మా. ఇంకొంచెం సేపు సుమ్నె, కదలకుండా కూచోండి, గిరాకీ పోతాది” అంది. అలాంటి నియమం నేను రాయలేదు. అవ్వ కూలబడి, నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మంట అంటుకున్న ఇంట్లో ఉన్న మూగమనిషి చూపు అది. పన్నెండయ్యేదాకా ఇక్కడే ఉంటానని ఆవిడ చేయి పట్టుకుని చెప్పాను. ఆ చేయి చెమటతో తడిసి ఉంది.

వేచి ఉన్నంతసేపూ శారదను చూస్తూ కూర్చున్నాను. ఏడాదిగా ఈ ఇంటికి వస్తున్నా ఆవిడ నాతో పలికిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాఫీ తీసుకోండి, అత్తమ్మ నిద్రపోతాండారు, మళ్ళా రండి. అంతే. ఆ పొద్దున ఆవిడ వేరే మనిషి. వచ్చినవాళ్ళ చేయి పట్టుకుని చూడగానే సైజు చెప్పేస్తోంది. వరలక్ష్మి వ్రతానికి గాజులు కొనడానికి హొసూరు నుంచి వచ్చిన ఒకావిడ ధర తగ్గించమని వాదిస్తే, తగ్గించకుండానే నవ్వించి రెండు డజన్లు ఎక్కువ అంటగట్టింది. వెనక అరల్లో ఎప్పుడూ దుమ్ము పట్టి ఉండే రాళ్ళ గాజులను ముందుకు తెచ్చి పెట్టింది. అవి ముందుకు రాగానే మూల కుర్చీలో గాజులు గలగలమన్నాయి. శారద అటు చూడలేదు.

“నేను బీకాం చదువుకునిండా మేడమ్” అంది ఉన్నట్టుండి, గాజుల మీద కాగితం చుడుతూ. “ఈ గల్లా దగ్గర ఎప్పుడు కూచుంటానా అనుకుంటా ఉంటి. మీ పుణ్యాన ఒక పూట దొరికె.”

నా పుణ్యమేమీ లేదు, ఇది మీ ఆచారమే కదా అన్నాను. ఆవిడ చప్పున తర్వాతి గిరాకీ వైపు తిరిగింది. అప్పటికైనా నాకు తట్టి ఉండాల్సింది.

పన్నెండుకు వీధిలో ఒకేసారి పది ఫోన్లలో అలారాలు మోగాయి. ఆ మోత ఆగకముందే జయమ్మవ్వ నా జబ్బ పట్టుకుని మేడమెట్లెక్కించి, గదిలోకి తోసి, తలుపు దగ్గరికేసి, “ఏం చేస్తివే అమ్మణ్ణీ!” అంది. గొంతు బొంగురుపోయి ఉంది. “ఆ పద్ధతి లేదు. ఏ కాలంలోనూ లేదు. నేను కల్పించింది.”

నాకు అర్థం కాలేదు. అర్థమైంది గాని లోపలికి దిగలేదు. ఏం కల్పించావవ్వా అని మళ్ళీ అడిగాను.

“అంతా. గాజులు, నోరు మూసుకునేది, గిరాకీ పోయేది, అంతా. ఆ దినం వాన, నువ్వు తల తడుపుకోని వచ్చినావు. వారాలుగా వస్తాండావు, నాకు తెలిసిందంతా చెప్పేసినాను, ఇంక చెప్పేదానికి ఏం మిగల్లే. లేదంటే నువ్వు రేపటి నుంచి రావు. ఎదురుగా గోడ మీద మా అత్త పటం. ఆయమ్మ నోరు మూసింది నిద్రలోనే, అప్పుడూ గొణుగుతానే ఉండె. ఒక్క పూటన్నా ఈయమ్మ నోరు మూసుకోని ఉండింటే ఎట్లుండునో అనుకుంటి. అనుకునింది నోట్లోనుంచి వచ్చేసె. నువ్వు గబగబా రాసుకుంటివి, నీ మొగం ఇంత వెలిగిపోయె. ఇంక లేదని ఎట్ల చెప్పేది? ఈ దినం వీధంతా నోరు మూసుకోనుంటే నేనొక్కతే ఎట్ల తెరిచేది?”

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను వినడమే కాదు, దాన్ని అధికార మార్పిడి అని కూడా అన్నాను. మంచం మీద కూర్చున్నాను. అయినా ఒక గడ్డిపోచ దొరికింది. “లేదవ్వా, నేను నీ ఒక్క మాట మీద రాయలేదు. ఈ వీధిలో చాలా ఇళ్ళు అడిగాను. అందరూ ఉందన్నారు” అన్నాను.

“యా వేళకి అడిగినావు?”

“పొద్దున, పదీ పదకొండు మధ్య.”

“ఆ వేళకి అత్తలు యాడుంటారు?”

అత్తలు అంగళ్ళలో ఉంటారు. ఇళ్ళల్లో తలుపు తీసేది కోడళ్ళు. నేను అడిగిన ప్రతి మనిషీ ఒక కోడలు. ప్రతి గుమ్మంలోనూ నేను అడిగింది ఒకే ప్రశ్న, అత్తలు మౌనంగా ఉండే ఆచారం మీ ఇంట్లో కూడా ఉందా అని. ప్రతి గుమ్మంలోనూ వచ్చింది ఒకే జవాబు, ఉండాది అని. కొందరు ఒక్క క్షణం ఆగి, కళ్ళు కిందికి దించుకుని మరీ చెప్పారు. దాన్ని నేను భక్తి అనుకున్నాను. పరిశోధన పద్ధతుల పరీక్షలో మొదటి ర్యాంకు నాదే. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

దబదబా మెట్లు దిగి శారద ముందు నిలబడ్డాను. గిరాకీ ఎవరూ లేరు. “ఇదంతా అబద్ధమని నీకు తెలుసా?” అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“తెలుసు” అంది. “ఆ దినం అత్తమ్మ చెప్తాంటే నేను పక్క గదిలో బియ్యం ఏరతా ఉండా.”

ఆ పొద్దుటి దెబ్బలన్నిట్లో ఇది గట్టిది. ఏడాదిగా తెలిసి, కాఫీ ఇస్తూ, నన్ను గుంటలోకి నడవనిచ్చింది. చడామడా తిట్టాను. నా చదువు, నా డబ్బు, నా సోమవారం, సభలో నా పరువు, ఏవీ వదల్లేదు. పక్క అంగళ్ళ కోడళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. శారద అంతా విని, “మీరు అబద్ధమని రాస్తారా మేడమ్?” అని అడిగింది.

“రాయక?”

“రాస్తే వచ్చే శ్రావణానికి ఇది ఉండదు. పురాతనమని పేపర్లో వచ్చింది కాబట్టే మా అత్తలు చేతులు చాపినారు. మీరు వచ్చి ఉండాదా అని అడిగితిరి. ఉంటే బాగుండునని ఎవురికి ఉండదు? అదే చెప్పితిమి.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని గొంతు తొణకలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ అంగళ్ళలోకి జారుకున్నారు. అంతవరకూ కిలకిలలాడిన వీధి, అత్తలకు నోరొచ్చాక మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది. అప్పుడే ఎక్కడి నుంచో ఒక అత్తగారి గొంతు, కుర్చీ ఎవరు జరిపారని అరుస్తోంది.

ఆ మెట్ల మీదే కూర్చుని మేడమ్‌కు ఫోన్ చేశాను. దాచడం చేతకాలేదు, నోరు తెరిస్తే ఏడుపే వస్తోంది. అయినా అంతా చెప్పాను. ఆవిడ తిట్టకుండా, “ఈ రోజు నువ్వు కళ్ళతో చూసిందేమిటి?” అని అడిగారు.

“అత్తలు మాట్లాడకుండా కూర్చోవడం.”

“అది జరిగిందా, లేదా?”

“జరిగింది మేడమ్.”

“అయితే జరిగింది రాయి. ఎప్పుడు మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో, నీ వల్ల ఎలా పాకిందో, అన్నీ రాయి. ఆవిడ ఒప్పుకుంటేనే పేరు పెట్టు. సోమవారం సంగతి మర్చిపో. వేసవిదాకా పడుతుంది.”

వేసవి అంటే ఫెలోషిప్ ఆగిన తర్వాత ఆర్నెల్లకు పైమాటే. ట్యూషన్లు చెప్పాలి, ఇంట్లో చెప్పాలి, ప్రత్యూష దగ్గర అప్పు చెయ్యాలి. నేను నిజం రాస్తే నాకు చదువు మిగులుతుంది, ఈ ఆడవాళ్ళకు ఆ పూట పోతుంది. రాయకపోతే సోమవారం డిగ్రీకి దారి పడుతుంది, అబద్ధం మీద. రాయకుండా ఉండలేనని నాకు తెలుసు. ఆ మాట శారద మొహం చూసి ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. అవ్వ కిందికి దిగి వచ్చి, ఎప్పటిలా గల్లా దగ్గరికి వెళ్ళబోయి, అక్కడ శారద ఉండటం చూసి ఆగిపోయింది. లేవమనలేదు. మళ్ళీ మూల కుర్చీలోనే కూర్చుంది.

“అవ్వా, నేను నిజం రాస్తాను. కల్పించింది నువ్వే అని రాయొచ్చా? వద్దంటే నీ పేరు పెట్టను” అన్నాను.

ఆవిడ చాలాసేపు గాజులు చేతుల మీద పైకీ కిందికీ జరుపుకుంది. “రాసుకో” అంది. “అయితే మా అత్త పేరు గూడా రాయి. ఆయమ్మ లేకుంటే నాకీ బుద్ధి యాడ పుడతాది?”

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ముందుకు తెచ్చి పెట్టిన రాళ్ళ గాజుల అరను చూస్తోంది. అది సగానికి పైగా ఖాళీ అయింది.

“ఒకటి చెప్తా ఇను అమ్మణ్ణీ. పెండ్లయి వచ్చినప్పట్నుంచి ఈ అంగడిలో నోరు చేసుకోని బతికినా. నేను ఒక్క గడియ నోరు మూస్తే ఇది నిల్చిపోతాదనుకుంటి. ఈ దినం మూసినా. నిల్చలే.” ఆ అర మీద నుంచి చూపు తిప్పి, “భయమేసె నాకు” అంది.

శారద చుడుతున్న కాగితం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ ఇద్దరి మధ్యా నేనుండకూడదనిపించి లేవబోయాను. అవ్వ నన్ను ఆపలేదు గాని కోడలి వైపు తిరిగి, “ఈయమ్మ ఏమన్నా రాసుకోనీ. వచ్చే శ్రావణానికి నాకు తొడుగు, నేను కూచుంటా. కల్పించినదాన్ని నేనే కూచుంటే, మిగిలినవాళ్ళు ఎట్ల కూచోరో చూస్తా” అంది. శారద తను కూర్చున్న స్టూలును కొంచెం పక్కకు జరిపి, గల్లా దగ్గర ఇంకొక మనిషికి చోటు చేసింది. అవ్వ లేచి వెళ్ళి ఆ చోట్లో కూర్చుని, మొదటి మాటగా, రాళ్ళ గాజులు ఎంతకమ్మావని గట్టిగా అడిగింది.

ఆ సాయంత్రం నాటకానికి వెళ్ళలేదు, ప్రత్యూష ఒక్కతే వెళ్ళింది. తిరుగు దారిలో బస్సే ఎక్కాను, తొందరేమీ లేదు కాబట్టి. ఆచారాలన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో కల్పించినవేనని క్లాసులో చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కల్పించిన మనిషి చేయి చెమటతో తడిసి నా చేతిలో ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఇంకా కోపంగానే ఉంది, శారద మీద కొంత, నా మీద చాలా. ఒక పూట మాట్లాడటానికి కూడా దేవుడి పేరో, పూర్వుల పేరో, పేపరు వార్తో అడ్డం పెట్టుకోవాల్సి వచ్చిన వీధిలో నేను ఏడాది తిరిగాను, రోజూ కాఫీ తాగాను, నాకది కనపడలేదు. వేసవిదాకా రాయబోయే అధ్యాయం దాని గురించే.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద బళేపేటకు వెళ్తే ఒక్క సలహా. ఏ ఇంటికైనా రెండుసార్లు వెళ్ళండి, పొద్దున పదింటికి ఒకసారి, అంగడి మూసి అత్తలు ఇల్లు చేరాక ఇంకోసారి, ఒకే ప్రశ్న ఇద్దరినీ విడివిడిగా అడగండి. శ్రావణం మొదటి శుక్రవారం వెళ్ళేవాళ్ళు మాత్రం పన్నెండు లోపల వెళ్ళండి, కోడళ్ళ గొంతులు అప్పుడే వినపడతాయి. అత్తలు ఏడాదంతా దొరుకుతారు.